బుల్లెట్ సంగతి సరే, పింజర సంగతేంటి?

పోయిన సెమిస్టర్ టెక్ ఫెస్ట్‌లో అన్నిటికంటే ఎక్కువ జనం మూగిన స్టాల్ ఏదో గుర్తుందా? డ్రోన్లది కాదు, లైన్ ఫాలోయర్ రోబోది అసలే కాదు. ఒక నీలం ప్లాస్టిక్ టబ్బు, అందులో కార్న్‌ఫ్లోర్ కలిపిన నీళ్లు. అంతే. మెకానికల్ సీనియర్లు పెట్టారు. నెమ్మదిగా వేళ్లు ముంచితే చిక్కటి మజ్జిగలోకి పోయినట్టు పోతాయి. పిడికిలి బిగించి గుద్దితే మాత్రం గచ్చు మీద గుద్దినట్టే. క్యూలో నిలబడి మరీ గుద్దాం అందరం. నేనైతే రెండుసార్లు గుద్దాను. టబ్బు వెనక ఫ్లెక్సీ మీద 'లిక్విడ్ బాడీ ఆర్మర్' అని పేద్ద అక్షరాలు, తుపాకీ పట్టుకున్న సైనికుడు, ఎగిరొస్తున్న బుల్లెట్, చుట్టూ మంటలు. మంటలెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రెండోసారి గుద్దాక ఒక ప్రశ్న అడిగా. "అన్నా, దీన్ని గుడ్డకి పట్టిస్తే పాము కోర దిగకుండా ఆపుతుందా?"

స్టాల్ దగ్గరున్న అన్న నవ్వాడు. "బుల్లెట్‌నే ఆపుతుందంటే పామెంతమ్మా!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వేసి వచ్చేశా.

ఆ జవాబు రెండు రకాలుగా తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఒకటి, సైన్స్ ప్రకారం తప్పు. బుల్లెట్‌ని ఆపే గుడ్డ సూదిని కూడా ఆపి తీరాలని రూలేం లేదు. రెండోది చెప్పాలంటే ముందు మా పెదనాన్న కాలి గురించి చెప్పాలి.

మాది నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, హైవే దిగి లోపలికి వెళ్లే ఊరు. 2022లో జిల్లా పేరు ఎన్టీఆర్ అయింది గానీ మా ఇంట్లో ఇంకా కృష్ణా జిల్లానే. కృష్ణా జిల్లా అనగానే మీలో చాలామందికి వరిచేలు, కాలవగట్లు, కొబ్బరిచెట్లు గుర్తొస్తాయి. అది డెల్టా. మాది మెట్ట. నల్లరేగడి, పత్తి, మిరప. సాగర్ ఎడమ కాలవ చివరి భూములు. నీళ్ల వంతు ఎప్పుడొస్తే అప్పుడే పెట్టుకోవాలి, అర్ధరాత్రయినా సరే.

నేను ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా నవంబర్లో ఒక రాత్రి అట్లాగే వంతు వచ్చింది. మిరపచేలో మడవ తిప్పడానికి పెదనాన్న వంగాడు. పార రెండు చేతుల్తో పట్టుకోవాలి కాబట్టి టార్చిలైటు చంకలో ఉంది. ఎడమ కాలి పిక్క మీద ఏదో చురుక్కుమంది. ముల్లనుకున్నాడు. టార్చి వేసి చూస్తే రక్తపింజర. కాళ్లకి హవాయి చెప్పులు. లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి ఉంది. అంటే పాముకీ పిక్కకీ మధ్య ఏమీ లేదు, ఒక్క నూలు పోగు కూడా.

పక్క చేలో ఉన్నాయన పరిగెత్తుకొచ్చి తువ్వాలుతో మోకాలి కింద గట్టిగా బిగించి కట్టాడు. అలా బిగించకూడదని మాకు తర్వాత తెలిసింది. బండి మీద నందిగామ, అక్కణ్ణించి అంబులెన్సులో విజయవాడ. పింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీల్ని పాడుచేస్తుంది. నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. బతికాడు. పిక్క మీద అరచేయంత మచ్చ మిగిలింది, వానాకాలం వస్తే ఆ కాలు కొంచెం ఈడుస్తాడు. ఆ రోజుల్లో నేను నేర్చుకున్న కొత్త తెలుగు మాట 'పిక్క'. డాక్టరు కాఫ్ అంటే నాకు టక్కున అర్థమైంది, పెద్దమ్మ పిక్క అంటే అర్థం కాలేదు. ఇంగ్లీష్ మీడియం మహిమ.

మా పెదనాన్న ఒక్కడి కథ అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లోనే, వానాకాలంలోనే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల లిస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటుని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల లిస్టులో చేర్చింది. 'నిర్లక్ష్యానికి గురైన' అన్న మాట వాళ్లదే, నాది కాదు. కాట్లలో ఎక్కువ భాగం పడేది మోకాలి కింద.

ఇప్పుడు టబ్బు దగ్గరికొద్దాం.

ముందు ఈ షియర్ థికెనింగ్ అంటే ఏంటో చూద్దాం. 'షియర్' అన్న మాట భయపెడుతుంది గానీ పేకముక్కల కట్ట మీద అరచెయ్యి పెట్టి పక్కకి తొయ్యండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయి కదా, అదే షియర్. నీళ్లని ఎంత వేగంగా జరిపినా వాటి చిక్కదనం మారదు. టమాటా సాస్ లాంటివి కదిపేకొద్దీ పలచబడతాయి, అందుకే సీసా తట్టి వంచుతాం. మూడో రకం కదిపేకొద్దీ చిక్కబడుతుంది. ఒక వేగం దాటితే రాయిలా బిగుసుకుంటుంది, వదిలెయ్యగానే మళ్లీ ద్రవం. ఇదే షియర్ థికెనింగ్ ఫ్లూయిడ్. ఇక్కణ్ణించి ఎస్‌టీఎఫ్ అంటాను.

మా అమ్మ దీన్ని చూసి "గంజేగా!" అంది. గంజి కాదు. గంజి ఉడికింది, రేణువులు పగిలి జిగురైపోయాయి. టబ్బులో ఉన్నది పచ్చి పిండి. రేణువులన్నీ విడివిడిగా, గట్టిగా, నీళ్లలో ఇరుకిరుగ్గా ఉంటాయి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకి వెళ్లినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. జనం ఎంత ఉన్నా నెమ్మదిగా నడిస్తే సందులు చేసుకుని వెళ్లిపోవచ్చు. వెనకనుంచి ఒక్క తోపు వచ్చిందా, భుజాలు భుజాలు ఒత్తుకుని ఎవరూ అంగుళం కదల్లేరు. తోపు ఆగితే మళ్లీ సందు దొరుకుతుంది.

ఈ భుజాలు రాసుకోవడం గురించే సైంటిస్టులు చాలాకాలం వాదించుకున్నారు. రేణువుల మధ్య ద్రవం నలిగి, అవి గుంపులు కట్టడమే కారణమని ఒక వర్గం. రేణువులు నిజంగానే ఒకదాన్నొకటి తాకి రాపిడి పుడుతుందని ఇంకో వర్గం. 2013లో న్యూయార్క్‌లో సేటో, మారి, మోరిస్, డెన్ అనే నలుగురు కంప్యూటర్ సిమ్యులేషన్ చేసి చూపించారు. ద్రవం ఒత్తిడి ఒక్కటే పెడితే చిక్కబడటం కొంచెమే ఉంది. కోడ్‌లో రాపిడి కూడా కలిపితే టబ్బులో చూసినట్టు ఒక్కసారిగా బిగుసుకుంది. సీఎస్‌ఈ అమ్మాయికి పాములతో, గుడ్డలతో ఏం పని అని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. ఆ వాదనని ముందుకి తోసినవాటిలో ఒక ప్రోగ్రామ్ ఉంది.

దీన్ని గుడ్డకి పట్టించాలన్న ఐడియా ప్రపంచానికి బాగా తెలిసింది 2003లో. అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీ నుంచి లీ, వాగ్నర్, అక్కడి ఆర్మీ రీసెర్చ్ ల్యాబ్ నుంచి వెట్జెల్ కలిసి పేపర్ రాశారు. కార్న్‌ఫ్లోర్ బదులు 450 నానోమీటర్ల సిలికా గుళ్లు, నీళ్ల బదులు ఇథిలీన్ గ్లైకాల్. నీళ్లయితే ఆరిపోతాయి కదా. ఈ చిక్కటి ద్రవాన్ని ఇథనాల్‌తో పలచబరిచి, కెవ్లార్ గుడ్డని అందులో ముంచి, ఓవెన్‌లో పెడితే ఇథనాల్ ఆవిరైపోతుంది, ఎస్‌టీఎఫ్ పోగుల మధ్య ఉండిపోతుంది. దాని మీదకి సెకనుకి సుమారు 244 మీటర్ల వేగంతో లోహపు ముక్కల్ని కొట్టారు. గంటకి దాదాపు 880 కిలోమీటర్లన్నమాట.

ఫలితం ఫ్లెక్సీ మీద రాసినట్టు మాయాజాలం కాదు. ఇక్కడ కొంచెం ఆగి చదవండి, ఎందుకంటే మన ప్రాజెక్టు రిపోర్టుల్లో దీన్ని తప్పుగా రాస్తారు. ద్రవం పట్టించిన గుడ్డ, అంతే బరువున్న మామూలు కెవ్లార్ పొరలతో సమానంగా ఆపింది. సమానంగా, అంతకంటే ఎక్కువ కాదు. లాభం ఎక్కడంటే మందం బాగా తగ్గింది, గుడ్డ మెత్తగా వంగుతోంది. అంటే ఎస్‌టీఎఫ్ అసలు గొప్ప బలంలో కాదు, వంగడంలో ఉంది. కదలాల్సిన ఒంటికి ఇది పనికొస్తుంది. కదలకుండా కూర్చునే ఛాతీకి గట్టి ప్లేటు ఎలాగూ ఉంది. మన హైదరాబాద్‌లో మిధాని, బార్క్ టెక్నాలజీతో చేసే భాభా కవచ్ అలాంటిదే. సైనికుడికి అవసరం లేదని నేననట్లేదు. ఛాతీ గురించి ఆలోచించేవాళ్లు చాలామంది ఉన్నారు, పిక్క గురించి ఆలోచించేవాళ్లే కనపడట్లేదు అంటున్నా.

సీనియర్ అన్న చెప్పిన "పామెంతమ్మా" దగ్గరికి వస్తే, బుల్లెట్ మొద్దుగా ఉంటుంది, గుడ్డని తాకాక నలిగి ఇంకా వెడల్పవుతుంది. చాలా పోగులు కలిసి దాన్ని వలలా పట్టుకుంటాయి. సూది అలా కాదు. పోగుల్ని తెంపాల్సిన పని దానికి లేదు. రెండు పోగుల్ని పక్కకి నెట్టి మధ్యలోంచి దూరిపోతుంది, మిరప టిక్కీ కుట్టేటప్పుడు గోనెలోంచి దబ్బనం దూరినట్టు. ఎన్ని దబ్బనాలు దిగినా గోనె చిరగదు కదా! అందుకే బుల్లెట్ ఆపే మామూలు జాకెట్లు మొనదేలిన ఊచని ఆపకపోవచ్చు. పింజర కోర అచ్చం ఇంజెక్షన్ సూదే. లోపల బోలు, చివర వాలుగా కోసిన మొన.

ఇక్కడే నాకు ఆశ పుట్టింది. అదే డెలావేర్ బృందం 2007లో కత్తులతో, ఊచలతో పొడిచి చూసింది. కత్తి విషయంలో లాభం కొంచెమే. ఊచ విషయంలో మాత్రం తేడా చాలా పెద్దది. ఎందుకంటే ఎస్‌టీఎఫ్ చేసే ముఖ్యమైన పని పోగుల్ని పక్కకి జరగనివ్వకపోవడం. దారి ఇవ్వకపోతే సూది పోగుల్ని తెంపుకునే వెళ్లాలి. అదే పరీక్షల్లో కెవ్లార్‌తో పాటు నైలాన్ గుడ్డ కూడా ఉంది, దానికీ మేలు జరిగింది. నైలాన్ అన్న మాట చూడగానే నాకు ఒళ్లు పులకరించింది, ఎందుకంటే కెవ్లార్ మా ఊరికి రాదు, నైలాన్ వస్తుంది. అదే ఏడాది ఇంజెక్షన్ సూదులతో కూడా పరీక్షించారు, నర్సులకీ పోలీసులకీ పనికొస్తుందని. అక్కడా ద్రవం పట్టించిన కెవ్లార్ గుడ్డలోకి సూది దిగడానికి ఎక్కువ బలం కావాల్సొచ్చింది.

మన దేశంలో ఐఐటీ ఢిల్లీ టెక్స్‌టైల్ విభాగంలో శ్రీవాస్తవ, మజుందార్, బుటోలా చేసిన పని నాకు ఇంకా నచ్చింది. గుడ్డని ఎస్‌టీఎఫ్‌లో ముంచాక రోలర్ల మధ్య పిండుతారు. వాళ్లు 2011 పేపర్లో చూపించిందేంటంటే, గట్టిగా పిండితే గుడ్డలో మిగిలే ద్రవం తగ్గుతుంది, అయినా దెబ్బని ఇంకా బాగా ఆపుతుంది. పోసిందంతా కాదు, పోగు లోపలికి సమానంగా ఇంకిందే లెక్క. చట్నీ దోసె మీద పోస్తే ఒకటి, నంచుకుంటే ఒకటి. (పోలిక పూర్తిగా కుదరలేదని తెలుసు, మెస్ టైమయింది.) మాకు ఇది ముఖ్యం, ఎందుకంటే ద్రవం తగ్గితే బరువు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

ఇంత చదివాక ఊరుకోలేకపోయా. హాస్టల్లోనే ప్రయోగం చేశా. దీన్ని దయచేసి రీసెర్చ్ అనకండి. పాత చున్నీ ముక్క, విరిగిన గొడుగు నైలాన్ గుడ్డ ముక్క, కిరాణా కొట్టు కార్న్‌ఫ్లోర్. దబ్బనానికి పావుకిలో బరువు కట్టి అడుగున్నర పొడుగు పీవీసీ పైపులోంచి వదిలా. గుడ్డ కింద బట్టల సబ్బు. ఎంత లోతు దిగిందో సబ్బు చెబుతుంది. చున్నీలో తేడా లేదు, దాని నేత వదులు, ద్రవం పట్టించినా దబ్బనానికి రాజమార్గమే. గొడుగు గుడ్డ నాలుగు పొరలు వేస్తే పదిసార్లలో ఆరుసార్లు తక్కువ దిగింది, నాలుగుసార్లు అంతే దిగింది. మర్నాటికి నీళ్లు ఆరిపోయి గుడ్డ ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కాలా బిర్రుగా నిలబడింది. మూడో రోజుకి వాసన, నాలుగో రోజు చీమలు, ఐదో రోజు వార్డెన్ మేడమ్.

అయినా ఒక విషయం చేత్తో పట్టుకుని తెలుసుకున్నా. ముందు నేత దగ్గరగా ఉండాలి, ద్రవం దాని తర్వాతే. వదులు గుడ్డకి ఎంత ఖరీదైన ద్రవం పోసినా దండగ. నిజానికి విదేశాల్లో పాముకాటు ఆపడానికని పిక్కకి కట్టుకునే తొడుగులు ఇప్పటికే అమ్ముతున్నారు. ఎస్‌టీఎఫ్ లేకుండానే, బాగా దగ్గరగా నేసిన గట్టి గుడ్డతో. మరి ఎస్‌టీఎఫ్ ఎందుకు అని అడగొచ్చు. అవి వేటకి వెళ్లేవాళ్ల కోసం చేసినవి. మా చేలో పొద్దున ఐదింటి నుంచి వంగుతూ లేస్తూ పనిచేసేవాళ్లకి అంత మందం కట్టుకుని ఉండటం కుదరదు.

కుదరదని నేను చెప్పడం కాదు. పెదనాన్నకి ఆసుపత్రి నుంచి వచ్చాక నాన్న గంబూట్లు కొన్నాడు. రెండు రోజులు వేసుకున్నాడు, మూడో రోజు నుంచి అవి పశువుల కొట్టంలో ఉన్నాయి. నేను తిట్టాను. "ఏమ్మా, తడి రేగట్లో వాటినేసుకుని నడిచి చూడు, కాలొచ్చుద్దో బూటొచ్చుద్దో!" అన్నాడు. నడిచి చూశా. కాలొచ్చింది, బూటు రాలేదు.

ఇంకా ఆడవాళ్ల సంగతి. మిరపకాయ కోతకి, పత్తి తీతకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చీర మీద మొగుడిదో కొడుకుదో పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు. కొందరు మేజోళ్ల కొసలు కత్తిరించి చేతులకి తొడుక్కుంటారు, పత్తికాయ డొప్పలు గీసుకోకుండా. మా మెట్టలో ప్రొటెక్టివ్ ఫ్యాబ్రిక్ అంటే ఇప్పటికీ ఆ పాత చొక్కానే. రోడ్డుకి అవతల జగ్గయ్యపేట వైపు సిమెంట్ ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ హెల్మెట్, సేఫ్టీ షూ లేకుండా గేటు దాటనివ్వరు. రోడ్డుకి ఇవతల చేలోకి దిగడానికి గేటూ లేదు, షూ లేదు.

అదే రోడ్డు, ఎన్‌హెచ్ 65 మీద ఆదివారం పొద్దున హైదరాబాద్ నుంచి పెద్ద బైకుల గుంపులు వస్తాయి. నందిగామలో టిఫిన్‌కి ఆగుతాయి. ఒకసారి ఒక రైడర్ జాకెట్ మోచేతి దగ్గర నారింజ రంగు ప్యాడ్ తీసి చూపించాడు. మెత్తగా చూయింగ్ గమ్‌లా వంగుతుంది, టేబుల్‌కేసి కొడితే టక్‌మంటుంది. డీ3ఓ అట. 1999లో బ్రిటన్‌లో మొదలైన కంపెనీ, 2006 వింటర్ ఒలింపిక్స్‌లో అమెరికా, కెనడా స్కీ జట్ల సూట్లలో వాడారు. సిలికా ద్రవం కాదుగానీ అదే కుటుంబం, దెబ్బ తగిలితే గట్టిపడే పాలిమర్. ఇక ఎస్‌టీఎఫ్ గుడ్డ ముక్కల్నయితే స్పేస్ సూట్ల కోసమని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట కూడా పెట్టి చూశారు. అంతరిక్షం దాకా వెళ్లింది, హైవే మీద మా చేల పక్కనుంచి జాకెట్లో దాని చుట్టం వెళ్తోంది, చేలోకి మాత్రం దిగలేదు.

దిగకపోవడానికి కారణం పేదరికం ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. మా పరిస్థితుల్లో అది పనిచేస్తుందో లేదో పరీక్షించాలని ఎవరికీ తోచకపోవడం కూడా కారణమే. మొదటిది వేడి. ఉష్ణోగ్రత పెరిగితే ఎస్‌టీఎఫ్ పలచబడుతుంది, గట్టిపడాలంటే ఇంకా ఎక్కువ వేగం కావాలి. ఏసీ ల్యాబ్‌లో వచ్చిన నంబరు మా ఎండలో నిలబడుతుందా? రెండోది చెమట. ఇప్పుడు ఎక్కువగా వాడే పాలీఇథిలీన్ గ్లైకాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. తేమ చేరితే ద్రవం పల్చనై గట్టిపడే గుణం తగ్గుతుంది. మరి పంట కాలవలో మోకాలిదాకా తడిస్తే? పలచటి ప్లాస్టిక్ సంచిలో సీల్ చెయ్యొచ్చు, అప్పుడు గాలాడదు. ఇథిలీన్ గ్లైకాల్ అయితే విషం, ఒంటికి తగిలే గుడ్డలో పెట్టాలంటే భయం. మూడోది ఉతకడం. పెద్దమ్మ బండకేసి బాదితే ఏమవుతుందో నాకు ఊహించుకోవాలని లేదు. నాలుగోది, అసలు నన్ను బాగా భయపెట్టేది, పురుగుమందు. మిరపకి మందు కొట్టేటప్పుడు ఈ గుడ్డ తడిసి, ఆ మందుని రోజంతా చర్మానికి ఆనించి ఉంచితే, పాము నుంచి కాపాడి మందుకి అప్పజెప్పినట్టు అవుతుంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పాముకాటుకి మొదటి మందు గుడ్డ కాదు. మంచి టార్చిలైటు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో యాంటీవీనమ్, తువ్వాలుతో బిగించకూడదన్న జ్ఞానం, ఇవన్నీ గుడ్డకంటే ముందు. డబ్బు ఒక్కదానికే ఉంటే నేనూ యాంటీవీనమ్‌కే ఇస్తా. కానీ మనకి ఆ ఎంపిక లేదు కదా. మన దగ్గర ఉన్నది ప్రాజెక్టు సెమిస్టరు. ఏటా ఏదో ఒక బ్యాచ్ 'లిక్విడ్ బాడీ ఆర్మర్' అని పెడుతుంది. కాలేజీలో బుల్లెట్ టెస్టు చేసే వీల్లేదు, కాబట్టి పాత పేపర్లలో గ్రాఫులు తెచ్చి అతికిస్తారు, వైవాలో టబ్బు చూపిస్తారు, మార్కులొస్తాయి. సూది టెస్టు చెయ్యడానికి మాత్రం ఏ పర్మిషనూ అక్కర్లేదు. దబ్బనం, పైపు, సబ్బు చాలు. మెకానికల్ ల్యాబ్‌లో యూటీఎం ఉంది, దాంతో నెమ్మదిగా గుచ్చి ఎన్ని న్యూటన్లకి దిగిందో రాసుకోవచ్చు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఓవెన్ ఉంది, గుడ్డని 45 డిగ్రీల్లో ఉంచి తీసి వెంటనే గుచ్చొచ్చు. ఉప్పునీళ్లలో రాత్రంతా నానబెట్టి మర్నాడు గుచ్చొచ్చు. ఇరవైసార్లు ఉతికి గుచ్చొచ్చు. ఏ గుడ్డ, ఎన్ని పొరలు, ఎంత ద్రవం అన్న లెక్కలకి చిన్న సిమ్యులేషన్ నేను రాస్తా. రాపిడి కలిపే రాస్తా.

ఫెయిలైతే? అవ్వచ్చు. గొడుగు గుడ్డలో నాకు పదింట నాలుగుసార్లు ఫెయిలయింది. కోర దగ్గర పదింట నాలుగు అంటే చాలా ఎక్కువ, అలాంటిదాన్ని నమ్ముకుని చీకట్లో నడవమని ఎవరికీ చెప్పలేను. కానీ ఏ వేడి దగ్గర, ఎంత తడికి ఫెయిలయిందో రాసిన నాలుగు పేజీల రిపోర్టు, మంటలున్న ఫ్లెక్సీ కంటే తర్వాతి బ్యాచ్‌కి ఎక్కువ పనికొస్తుంది. బుల్లెట్ ప్రూఫ్ అని రాస్తే రివ్యూలో సార్లు తలూపుతారు, పిక్క తొడుగు అని రాస్తే 'ఇందులో నావెల్టీ ఏముంది' అంటారు, నాకు తెలుసు. అలా అడిగితే చెప్పడానికే పైన ఇంత రాశా.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు చిల్లులు పడ్డ సబ్బు ముక్కల్ని, గొడుగు గుడ్డ తొడుగునీ తీసుకెళ్లా. అప్పటికప్పుడు కార్న్‌ఫ్లోర్ కలిపి నాలుగు పొరల మధ్య పట్టించి, అంచులు కుట్టి, పెదనాన్న ఎడమ పిక్కకి కట్టా, మచ్చ మీదుగా. ఆయన సబ్బు ముక్కల్ని ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూశాడు. ఏది తొడుగున్నది, ఏది లేనిది అని అడిగి అడిగి తెలుసుకున్నాడు. తర్వాత లుంగీ ఎగగట్టి, పశువుల కొట్టం దాకా నడిచి వెనక్కి వచ్చాడు. ఒకసారి గొంతుక్కూచుని లేచాడు. నేను ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నా.

"బరువు లేదమ్మా," అన్నాడు. "వంగుతుంది కూడా." కాసేపాగి వంగి పిక్క గోక్కున్నాడు. "దురద పెడతంది."

నా నోట్‌బుక్‌లో వేడి, చెమట, ఉతుకు, పురుగుమందు అని నాలుగు రాసుకుని ఉన్నాయి. వాటి కింద ఐదోది రాసుకున్నా: దురద.